కక్కు

చలికాలం లినో గట్టిపడ్తది.
గీత సగంల ఉండంగనే పెచ్చు లేస్తది.
అందుకే ముక్కను గడపమీద ఎండకు పెట్టి
అప్పడాలకు కావలి ఉన్నట్టు
కాకులను అదిలిచ్చుకుంట కూసుంట.

మక్తల్ల కిరాయి అర్ర.
ఒక కిటికి, ఒక బల్ల,
పట్నం నుంచి తెచ్చుకున్న అయిదు ఉలులు.
అన్నిట్ల సన్నదాని మూతి
పిచ్చుక ముక్కంత.
దానితోనే మా అమ్మ చెయ్యి చెక్కుతున్న,
పదకొండు దినాల సంది.

తీసింది తెల్లగొస్తది.
ఇడిసింది నల్లగొస్తది.
ఇంత చిన్న లెక్క
చేతికెక్కనీకి రెండేండ్లు పట్టింది.
నల్లటి ఎంటిక ఒక్కటి నిలబడాలంటే
దాని రెండు దిక్కులున్నదంత తీసెయ్యాలె,
దాన్ని మాత్రం ముట్టొద్దు.

బొటనేలు ముడుతలు పందొమ్మిది.
చూపుడేలు మీద
పాత సుత్తె దెబ్బ ఒకటి.
అది గీత కాదు, గుంట కాదు.
అడ్డం గీతలు పెట్టిన: నీడైంది.
నిలువు పెట్టిన: బొక్కైంది.
సుక్కలు పెట్టిన:
అమ్మవారు పోసి మానినట్టైంది.

ఊపిరి బిగవట్టి అచ్చు తీసిన.
చెంచా ఈపుతోని రుద్ది రుద్ది
కాగితం ఒక మూల లేపి చూస్తే
ఎడమ చెయ్యి కుడిదై కూసున్నది.
తిరగేసి గీసుకోవాలన్న సంగతే మరిచిన.
ఉలి పట్టే చెయ్యి సుత్తె పట్టే చెయ్యైంది.
సుత్తె దెబ్బ సుత్తెకే తగిలినట్టు!
సరే, అది నా తప్పు.
గీతలన్ని ఉన్నయి. ఒక్కటి తప్పిపోలే.
చెయ్యే లేదు.

మిక్సీలు రాకముందు
ఊట్కూరు, మాగనూరు, ఏటి ఒడ్డు దాంక
"రోళ్లకు కక్కు కొడ్తం, ఇసుర్రాళ్లకు కక్కు కొడ్తమూ"
అమ్మ కూత ముందు నడిచేది.
ఎనక నేను, ఉలుల సంచి.
రాతి పొడి పడకుంట
కన్ను ఎట్ల సగం ముయ్యాలెనో
అక్షరాలకన్న ముందు నేర్సుకున్న.

అమ్మ వచ్చి అచ్చును చూడలే.
లినో ముక్కను చేతులకు తీసుకుని
కిటికి బయటికి చూసుకుంట
ఏలితోని తడిమింది.
"నున్నగున్నది" అన్నది.
"ఇది రాయి కాదమ్మా."
"రాయైనా ఏదైనా,
గింజ ఏడ ఆగుతది మరి?"

సన్న ఉలి తీసుకున్నది.
నేను తోస్త. ఆమె తొయ్యలే.
నిట్టనిలువుగ పట్టి
దంచుడు రాయితోని
టుక్.
నా పదకొండు దినాలు గొంతులకొచ్చినయి.
టుక్. టుక్. టుక్.
నేను భయపడి నల్లగ ఇడిసిన మణికట్టు కాడ
ఒకదాని పక్కన ఒకటి, వరుసకు రాకుంట,
ప్రతిది ఒక పక్కకు వాలుతున్నది.
నాలుగు దెబ్బలకొకసారి ఆగి
ఉఫ్ అని ఊదుతున్నది,
ఊదనీకి పొడే లేదు.

రెండో అచ్చుల ఆ గంట్లు
ఏమిటియో చెప్పనీకి నాకు పేరు దొరకలే.
జొన్నలందామంటే జొన్నలు కావు.
చెయ్యి మాత్రం
దేన్నో గట్టిగ పట్టుకున్నట్టైంది.

"ఎవరిదిది?"
"నీదే."
"నాది ఇంత నల్లగుండదు.
ఎంతిస్తరు దీనికి?"
చెప్పిన.
పెదవులు కదిలిచ్చుకుంట లెక్క చూసింది:
"నూట అరవై రోళ్లు" అన్నది.
సంతోషమో, కోపమో,
ఆ మొఖంల నాకు ఎన్నడు దొరకలే.

ఉలి మొన గోటిమీద ఆనిచ్చింది.
జారింది.
గడప రాయిమీద నీళ్లు సల్లి
నూరనీకి కూసున్నది.
మణికట్టు పైన ఇంక చాన జాగున్నది.